పెన్ గీసిన పటం, జనం కట్టుకున్న ఊరు: తొలినాళ్ల ఫిలడెల్ఫియా

ఫిలడెల్ఫియా పాత నగరంలో వీధులు నూలు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటాయి. తూర్పు పడమరలుగా కొన్ని, ఉత్తర దక్షిణాలుగా కొన్ని. వాటి నడుమ డాక్ స్ట్రీట్ మాత్రం వంపు తిరుగుతూ పోతుంది. ఒకప్పుడు అది వాగు. డెలవేర్ నదిలో కలిసే ఆ వాగు ఒడ్డున తోళ్లు శుభ్రం చేసేవారు చేరారు, పడవలు ఆగాయి, ఊరి చెత్తంతా అందులోకే వెళ్లింది. 1760ల నుంచి దాన్ని అంచెలంచెలుగా పూడ్చి, పైన రోడ్డు వేశారు. నీరు పారిన దారి అలాగే నిలిచిపోయింది.

అమెరికా వలసకాలపు నగరాల్లో ఇంత ఆలోచించి గీసిన పటంతో మొదలైనవి అరుదు. ఆ పటాన్ని జనం ఇంత త్వరగా తమ అవసరాలకు తగ్గట్టు మార్చుకున్న నగరాలూ అరుదే. నేడు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చేవారు చూసే కట్టడాలు, సందులు, చౌకులు చాలావరకు ఈ పెనుగులాటలో పుట్టినవే. స్థాపకుడు విలియం పెన్ ఏం కోరుకున్నాడో, నదీతీరంలో బతుకుతెరువు వెతుక్కున్నవారు ఏం చేశారో పక్కపక్కన పెట్టి చూస్తేనే ఈ నగరం అర్థమవుతుంది.

పెన్ తండ్రి ఇంగ్లండ్ నౌకాదళంలో అడ్మిరల్. రాజు రెండో చార్లెస్ ఆయనకు 16 వేల పౌండ్లు బాకీ పడ్డాడు. తండ్రి మరణించాక, ఆ బాకీకి బదులుగా 1681 మార్చి 4న కొడుకుకు అమెరికాలో విశాలమైన భూభాగం రాసిచ్చాడు, అదే పెన్సిల్వేనియా. పెన్ అప్పటికే క్వేకర్లు అనే క్రైస్తవ శాఖలో చేరి, తన విశ్వాసం కోసం జైళ్లు చూసివచ్చిన మనిషి. అంతకన్నా ముందు, యవ్వనంలో, 1665లో లండన్‌ను ఊడ్చిపెట్టిన ప్లేగునూ, మరుసటి ఏడాది ఆ నగరాన్ని బూడిద చేసిన అగ్నిప్రమాదాన్నీ ఎరుగును. ఇరుకు సందులు, ఒకదానికొకటి ఆనుకున్న కొయ్య ఇళ్లు ఎంత ప్రమాదమో ఆ తరానికి ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ఆయన తన ప్రతినిధులకు ఇచ్చిన ఆదేశాల్లో ప్రతి ఇల్లూ తన స్థలం నడిమధ్యన ఉండాలని, నాలుగు పక్కలా తోటకో పొలానికో చోటు వదలాలని రాశాడు. ఎన్నటికీ కాలిపోని, ఎప్పుడూ ఆరోగ్యంగా ఉండే పచ్చని పల్లెపట్టణం కావాలన్నాడు.

అయితే ఆ నేల ఖాళీగా లేదు. డెలవేర్ లోయ లెనాపీ అనే మూలవాసులది. 1638లో స్వీడన్ వారు ఈ నది వెంట వలస నెలకొల్పారు, తర్వాత డచ్చివారు, ఆపైన ఆంగ్లేయులు వచ్చారు. పెన్ మనుషులు దిగేనాటికి నగరానికి అనువైన తీరభూమి స్వీడిష్ కుటుంబాల చేతుల్లో ఉంది. వారి నుంచి కొనవలసివచ్చింది. నగరానికి దక్షిణాన 1700లో పూర్తయిన గ్లోరియా డే చర్చి ఆ స్వీడన్ వారిదే. పెన్సిల్వేనియాలో నిలిచి ఉన్న చర్చి కట్టడాల్లో అదే అతి పాతది. పెన్ రాకముందే ఇక్కడ ఊళ్లూ, మతాలూ, సేద్యమూ ఉన్నాయనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

డెలవేర్ వెంట తాను కోరుకున్నంత పొడవు దొరకక, పెన్ నగరాన్ని అడ్డంగా పడమటివైపు, షూల్‌కిల్ నది దాకా సాగదీశాడు. సర్వేయర్ థామస్ హోమ్ గీసిన ఆ పటం 1683లో లండన్‌లో అచ్చయింది. రెండు నదుల మధ్య రెండు మైళ్ల పొడవు, ఒక మైలు వెడల్పు, సుమారు 1200 ఎకరాలు. మధ్యలో ఒకదాన్నొకటి ఖండించే రెండు పెద్దవీధులు, ఒక్కొక్కటి 100 అడుగుల వెడల్పు. అవి కలిసేచోట 10 ఎకరాల చౌకు, నాలుగు మూలలా 8 ఎకరాల చొప్పున మరో నాలుగు. లండన్‌లోనే కాదు, నాటి యూరపు నగరాలు చాలావాటిలో 100 అడుగుల వీధి ఊహకందని విషయం. ఉత్తర దక్షిణ వీధులకు అంకెలే పేర్లు. తూర్పు పడమర వీధులకు మనుషుల పేర్లు పెట్టడం పెన్‌కు ఇష్టంలేక, ఆ నేలపై పెరిగే చెట్ల పేర్లు పెట్టాడు. చెస్ట్‌నట్, వాల్‌నట్, స్ప్రూస్, పైన్ అనే పేర్లు ఈనాటికీ ఉన్నాయి. సాసఫ్రాస్ వీధిలో కుర్రకారు గుర్రాల పందేలు పెట్టేవారు. కొంతకాలానికి జనం దాన్ని రేస్ స్ట్రీట్ అనడం మొదలుపెట్టారు, చివరికి ఆ పేరే ఖాయమైంది. పటంలోని పేర్లను సైతం జనం తమ వాడుకతో తిరగరాశారు.

ఈ పటం ఒక ఆదర్శం మాత్రమే కాదు, అమ్మకపు సరుకు కూడా. పెన్ ఇంగ్లండ్‌లో 5000 ఎకరాలను 100 పౌండ్లకు అమ్మాడు. పల్లెల్లో భూమి కొన్నవారికి నగరంలో స్థలం అదనం. కొన్నవారిలో చాలామంది సముద్రం దాటనే లేదు. వచ్చినవారికి కావలసింది తోట నడుమ ఇల్లు కాదు, ఓడలు ఆగే రేవు పక్కన చోటు. ఇళ్లు లేక తొలి వలసదారులు కొందరు డెలవేర్ గట్టులో గుహలు తవ్వుకుని తలదాచుకున్నారు. వాటిని ఖాళీ చేయించడానికి అధికారులకు కొన్నేళ్లు పట్టింది.

తర్వాత జరిగింది సహజంగానే జరిగింది. నది పక్క స్థలం ధర పెరిగింది. పెద్ద స్థలాల యజమానులు వాటిని ముక్కలు చేశారు, ముక్కల్ని మళ్లీ చీల్చారు. పటంలో చదరంగం బల్లలా కనిపించే పెద్ద గళ్ల లోపల, ఎవరూ గీయని సందులు పుట్టుకొచ్చాయి. నగరం పడమటికి విస్తరించవలసింది పోయి, నది వెంట ఉత్తరానికీ దక్షిణానికీ పాకింది. బ్రిటన్ పాలన నుంచి విడిపోయిన అమెరికా విప్లవం ముంగిట సుమారు 30 వేల జనాభాతో అమెరికా వలసల్లోకెల్లా పెద్ద నగరంగా ఎదిగినప్పుడు కూడా ఇళ్లన్నీ డెలవేర్‌ను అంటిపెట్టుకునే ఉన్నాయి. పటం మధ్యభాగం పొలాలు, పొదలు, ఇటుక బట్టీల మన్నుగుంటలుగా మిగిలింది.

ఈ తోపులాటను కళ్లారా చూడాలంటే ఎల్ఫ్రెత్స్ ఆలీకి వెళ్లాలి. 18వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో పక్కపక్క స్థలాల యజమానులు ఇద్దరు చెరి కొంత నేల వదిలి, తమ పనిచోట్ల నుంచి రేవు వైపు బండి వెళ్లేందుకు ఈ దారి వేశారు. జెరెమియా ఎల్ఫ్రెత్ అనే కమ్మరి పేరు దానికి తర్వాత వచ్చింది. ఇక్కడి 32 ఇళ్లు 1728కీ 1836కీ మధ్య కట్టినవి. ఇటుక గోడలు, రాళ్లు పరిచిన నేల, రెండు మూడు అంతస్తుల ఇరుకు ఇళ్లు. ముందుగదిలో దుకాణమో పనిశాలో, వెనక వంట, పైన కుటుంబం, ఆపైన అద్దెకున్నవారు. కమ్మరులు, వడ్రంగులు, ఓడ పనివారు, కంసాలులు, దర్జీలు ఇక్కడ బతికారు. ఇప్పుడు మ్యూజియంగా ఉన్న 126వ నంబరు ఇంట్లో ఒకప్పుడు ఇద్దరు స్త్రీలు ఆడవారి దుస్తులు కుట్టే వ్యాపారం నడిపారు. స్వాతంత్ర్య ప్రకటనపై సంతకాలు చేసినవారి భవనాలకన్నా ఈ సందే ఆనాటి నగరాన్ని ఎక్కువగా చెబుతుంది. ఇళ్లలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు.

పెన్ కలగన్న నడిబొడ్డు సంగతి వేరు. 1680ల మధ్యలో క్వేకర్లు పటం నడుమనున్న పెద్ద చౌకు, సెంటర్ స్క్వేర్‌లో ప్రార్థనామందిరం కట్టారు. ఊరు అక్కడికి వస్తుందని నమ్మారు, రాలేదు. ఆదివారం అడవిదారిన నడిచి వెళ్లలేక దాన్ని వదిలేసి, 1690లలో సెకండ్ స్ట్రీట్, హై స్ట్రీట్ కలిసే మూల కొత్తది కట్టుకున్నారు. పటంలోని రెండు పెద్దవీధుల్లో ఒకటైన 100 అడుగుల హై స్ట్రీట్ దశ కూడా అలాగే మారింది. దాని మధ్యలో సంత వెలిసింది. 1710 నాటికి కమానులపై నిలబెట్టిన న్యాయస్థానం వచ్చింది, దాని వెనక మాంసం, కూరగాయలు, చేపల కొట్ల పందిళ్లు వరసగా పడమటికి పాకాయి. వీధి వెడల్పుగా ఉండటం వల్లే సంతకు చోటు దొరికింది. 19వ శతాబ్దం మధ్యలో అధికారికంగా మార్కెట్ స్ట్రీట్ అని మార్చేనాటికే జనం నోట దానికి ఆ పేరు స్థిరపడి ఉంది.

ఇళ్లు దగ్గరపడ్డాక, పెన్ దేనికి భయపడ్డాడో అవి రెండూ వచ్చాయి, నిప్పూ రోగమూ. 1730లో రేవుల దగ్గర పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. 1723లో బోస్టన్ నుంచి పదిహేడేళ్ల వయసులో వచ్చి ముద్రాపకుడిగా స్థిరపడిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, 1736లో ఇరుగుపొరుగులతో కలిసి యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టాడు. సభ్యులు తోలు బకెట్లు, సామాన్లు బయటకు తరలించే సంచులు సిద్ధంగా ఉంచుకోవాలి. 1752లో ఇళ్లకు అగ్నిబీమా సంస్థ కూడా వచ్చింది. ఒకరి మణికట్టును ఒకరు పట్టుకున్న నాలుగు చేతుల ముద్ర దానిది. పాత నగరంలో ఇళ్ల గోడలపై అది ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ సంస్థ 1781లో ముంగిట చెట్లున్న ఇళ్లకు బీమా ఇవ్వకూడదని నిర్ణయించింది. మంటలార్పడానికి కొమ్మలు అడ్డమట. చెట్లంటే ఇష్టమున్నవారు విడిపోయి 1784లో మరో బీమా సంస్థ పెట్టుకున్నారు, దాని ముద్ర పచ్చని చెట్టు. తోటలు ఉంటే ఊరు కాలిపోదని నమ్మిన పెన్ మరణించి అప్పటికి అరవై ఏళ్లు దాటింది.

గ్రంథాలయం, ఆసుపత్రి, అగ్నిమాపక దళం వంటి సంస్థల పట్టికలో ఫ్రాంక్లిన్ పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక్కడి మేధకే ఘనత కట్టబెట్టడం తేలిక. నిజానికి 1751 నాటి పెన్సిల్వేనియా ఆసుపత్రి ఆలోచన వైద్యుడు థామస్ బాండ్‌ది, చందాలు పోగయ్యేలా చేసింది ఫ్రాంక్లిన్. 1731 నాటి గ్రంథాలయం డబ్బులు కలిపి పుస్తకాలు కొనుక్కుందామనుకున్న చేతిపనివారు, గుమాస్తాల ఏర్పాటు. ఒక్కరికి చాలని పనిని పదిమంది చేతులు కలిపి చేయడమనే అలవాటు ఆ ఇరుకు వీధుల్లోనే పుట్టింది. విడివిడిగా తోటల మధ్య బతికేవారికి అది అంత అవసరమయ్యేది కాదు.

మతస్వేచ్ఛ విషయంలో మాత్రం పెన్ మాట చాలావరకు నిలబడింది. ఆయన 1701లో ఇచ్చిన హక్కుల పత్రం దేవుణ్ణి నమ్మే ఎవరినీ వారి ఆరాధన విషయంలో వేధించకూడదని చెప్పింది. క్వేకర్ల ఊరిలోనే రాజు మతమైన ఆంగ్లికన్ల క్రైస్ట్ చర్చి లేచింది. 1727లో మొదలై 1744లో పూర్తయిన ఆ చర్చికి 1754లో కట్టిన 196 అడుగుల శిఖరం దశాబ్దాల పాటు దేశంలోకెల్లా ఎత్తైనది. రేవుకు వచ్చే ఓడలకు ముందు కనిపించేది అదే. 1733లో క్యాథలిక్కులు బహిరంగంగా పూజలు మొదలుపెట్టారు, ఇంగ్లిష్ సామ్రాజ్యంలో ఇతరచోట్ల అది దుర్లభం. జర్మన్ లూథరన్లు వేలల్లో వచ్చి చేరారు. తెలుగునాడుతో ఈ నగరానికి ఉన్న ముడి ఇక్కడే పడింది. 1807లో బాలుడిగా జర్మనీ నుంచి ఫిలడెల్ఫియా వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842లో గుంటూరు చేరి లూథరన్ మిషన్‌కు పునాది వేశాడు. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రిని నెలకొల్పిన డాక్టర్ అన్నా కుగ్లర్ చదివింది ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలోనే.

ఇక అందరూ చూడవచ్చే కట్టడం, ఇండిపెండెన్స్ హాల్. 1732లో మొదలైన నాటికి అది పెన్సిల్వేనియా శాసనసభ భవనం. న్యాయవాది ఆండ్రూ హామిల్టన్ పర్యవేక్షణలో, ప్రధాన వడ్రంగి ఎడ్మండ్ వూలీ దాన్ని కట్టాడు. అప్పటికి అది ఊరి పడమటి అంచు. 1776 జులై 4న స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించింది, 1787లో రాజ్యాంగాన్ని రాసింది ఈ భవనంలోనే. అంతకు ముందు 1774లో వలసల ప్రతినిధుల సభ అయిన తొలి కాంటినెంటల్ కాంగ్రెస్ మాత్రం ఇక్కడ కాదు, దగ్గరలోని కార్పెంటర్స్ హాల్‌లో, అంటే వడ్రంగి మేస్త్రీల సంఘం తమ కోసం కట్టుకున్న భవనంలో సమావేశమైంది. రాజకీయ చరిత్రకు చేతిపనివారు చోటివ్వడం ఫిలడెల్ఫియా స్వభావానికి తగినదే.

శాసనసభ 1751లో తమ భవనానికి లండన్‌లో గంట పురమాయించి తెప్పించుకుంది. మొదటిసారి మోగించి చూడగానే పగిలింది. స్థానికులు పాస్, స్టో దాన్ని కరిగించి మళ్లీ పోతపోశారు. 2080 పౌండ్ల బరువున్న ఆ గంట మీద, దేశమంతటా, అందులో నివసించే వారందరికీ స్వేచ్ఛను చాటమనే బైబిలు వాక్యం ఉంది. కింద పోతపోసినవారి పేర్లు, 1753 సంవత్సరం రోమన్ అంకెల్లో. ఇప్పుడు కనిపించే వెడల్పాటి చీలిక నిజానికి మరమ్మతు గుర్తు. అంచులు రాసుకోకుండా పగులును కావాలని వెడల్పు చేశారు. 1846లో వాషింగ్టన్ జయంతికి మోగించినప్పుడు ఆ మరమ్మతు పైభాగం నుంచి సన్నని రెండో పగులు పాకింది, గంట మూగబోయింది. దగ్గరగా చూస్తే ఆ వెంట్రుకపాటి గీత కనిపిస్తుంది. దానికి లిబర్టీ బెల్ అనే పేరు విప్లవకాలంలో రాలేదు. బానిసత్వ నిర్మూలన కోసం పోరాడినవారు 1830లలో పెట్టారు. అందరికీ అని రాసి ఉన్న మాట అందరికీ వర్తించడం లేదని ఎత్తిచూపడానికే వారు ఆ గంటను తమ చిహ్నంగా ఎంచుకున్నారు.

ఆ ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. నగరం పుట్టిన రెండేళ్లకే, 1684 డిసెంబరులో, ఇసబెల్లా అనే ఓడ సుమారు 150 మంది ఆఫ్రికన్లను ఇక్కడ దించింది. కొద్దిరోజుల్లోనే వారిని కొనేశారు. పెన్ ఇంట కూడా బానిసలు ఉన్నారు. 1754లో ఫ్రంట్, హై వీధుల మూల తెరిచిన లండన్ కాఫీ హౌస్‌లో వర్తకులు ఓడల బేరాలు చేసేవారు, దాని ముందు అరుగు మీద మనుషుల్ని నిలబెట్టి వేలం వేసేవారు. మరోవైపు, పక్కనే ఉన్న జర్మన్‌టౌన్‌లో 1688లోనే నలుగురు వలసదారులు బానిసత్వం తప్పని రాతపూర్వకంగా నిరసించారు. క్వేకర్ల సభలు ఆ కాగితాన్ని ఒకరి నుంచి ఒకరికి పంపి పక్కన పెట్టేశాయి. 1780లో రాష్ట్రం తెచ్చిన విమోచన చట్టం కూడా ఆ తర్వాత పుట్టే బిడ్డలకే, అదీ 28 ఏళ్ల చాకిరీ తర్వాతే స్వేచ్ఛనిచ్చింది. ఫిలడెల్ఫియా 1790 నుంచి 1800 వరకు దేశ రాజధాని. ఆ కాలంలో ఇక్కడి అధ్యక్ష భవనంలో వాషింగ్టన్ తొమ్మిది మంది బానిసలను ఉంచుకున్నాడు. ఆరు నెలలు దాటితే వారికి చట్టప్రకారం విముక్తి దొరికే అవకాశం ఉండటంతో గడువులోపే రాష్ట్రం దాటించి తెచ్చేవాడు. వారిలో ఓనా జడ్జ్ 1796లో పారిపోయి మళ్లీ చిక్కలేదు. ఆ ఇంటి పునాదులు 2007 తవ్వకాల్లో, లిబర్టీ బెల్ భవనం గుమ్మం పక్కనే బయటపడ్డాయి. 1850లలో పారిపోయిన బానిసలను యజమానులకు అప్పగించే విచారణలు కొన్ని ఇండిపెండెన్స్ హాల్ పై అంతస్తులోనే జరిగాయి. ఆ భవనాన్ని గౌరవించేవారు ఈ విషయాన్ని కూడా తెలుసుకుని గౌరవించాలి.

లెనాపీల కథ అంతకన్నా చేదు. పెన్ వారితో ఒప్పందాలు చేసుకుని భూమి కొన్నాడు, షాకమాక్సన్ దగ్గర ఎల్మ్ చెట్టు కింద చేశారని చెప్పుకునే స్నేహాన్ని ఇరుపక్షాలూ చాలాకాలం తలచుకున్నాయి. ఆయన కొడుకులు 1737లో పాత పత్రం ఒకటి బయటపెట్టి, ఒకటిన్నర రోజులో మనిషి నడిచినంత దూరం భూమి తమదన్నారు. ముందే దారి నరికించి, నడవడానికి బదులు పరుగెత్తగలవారిని పెట్టారు. లెనాపీలు దాదాపు 12 లక్షల ఎకరాలు పోగొట్టుకున్నారు.

1793లో పసుపు జ్వరం వచ్చింది. వేసవి నుంచి శరదృతువు దాకా సుమారు 5000 మంది చనిపోయారు, అప్పటి జనాభాలో దాదాపు పదోవంతు. నల్లవారికి ఈ రోగం సోకదని వైద్యుడు బెంజమిన్ రష్ పొరపాటుగా నమ్మాడు. రిచర్డ్ అలెన్, అబ్సలోం జోన్స్ నాయకత్వంలో నల్లజాతి పౌరులు రోగులకు సేవలు చేశారు, శవాలను పూడ్చారు, వారూ మరణించారు. మరుసటి ఏడాది అలెన్ ప్రారంభించిన మదర్ బెతెల్ చర్చి ఆనాటి స్థలంలోనే ఇప్పటికీ నడుస్తోంది. మురికినీరే రోగానికి కారణమని అప్పుడు అనుకున్నారు. దోమల సంగతి తెలియకపోయినా ఆ భయం మేలే చేసింది. 1801లో షూల్‌కిల్ నీటిని ఆవిరియంత్రాలతో తోడి ఊరికి పంపే కేంద్రాన్ని సెంటర్ స్క్వేర్‌లో కట్టారు. పెన్ గీసిన నడిబొడ్డుకు ఊరు అలా చేరుకోవడం మొదలైంది. 1871–1901 మధ్య అక్కడే సిటీ హాల్ లేచింది, దాని శిఖరం మీద 37 అడుగుల పెన్ విగ్రహం ఉంది. మిగిలిన నాలుగు చౌకులు పచ్చగా నిలిచాయి. వాటిలో వాషింగ్టన్ స్క్వేర్ ఒకప్పుడు పేదల శ్మశానం. విప్లవ సైనికులు ఎందరో పేరు లేకుండా అక్కడే ఉన్నారు.

ఈ కట్టడాలు మిగలడం కూడా పోరాడి సాధించుకున్నదే. రాజధాని హోదా పోయాక రాష్ట్రం శాసనసభ భవనాన్ని, పెరటిని ముక్కలుగా అమ్మజూసింది. నగరం 70 వేల డాలర్లకు కొని కాపాడుకుంది. 1950లలో ఆ హాలు ముందు మూడు బ్లాకుల 19వ శతాబ్దపు భవనాలను పడగొట్టి పచ్చిక మైదానం చేశారు. చూపరులకు బాగుంటుంది గానీ వలసకాలంలో అక్కడ అలాంటి మైదానం లేదు. దక్షిణాన సొసైటీ హిల్‌లో పాత ఇళ్లను బాగుచేసిన క్రమంలో వాటిలో ఉంటున్న పేదలు, ముఖ్యంగా నల్లజాతి కుటుంబాలు, వెళ్లిపోవలసివచ్చింది. ఎల్ఫ్రెత్స్ ఆలీని పక్కనుంచి వెళ్లే మహారహదారి నుంచి కాపాడుకోవడానికి అక్కడివారు పోరాడి గెలిచారు. కానీ ఇంటర్‌స్టేట్ 95 అనే ఆ రహదారి, నగరాన్ని కన్న డెలవేర్ తీరానికీ పాత వీధులకూ మధ్య గండిలా పడింది. వాల్‌నట్, చెస్ట్‌నట్ వీధుల మధ్య ఆ గండి మీద కప్పు వేసి, పైన పార్కు కట్టి, ఫ్రంట్ స్ట్రీట్ నుంచి నది ఒడ్డుకు మళ్లీ నడిచివెళ్లే దారి చేసే పని ఇప్పుడు సాగుతోంది.